పందెపు గుర్రం బొమ్మలో పగ్గం పట్టిన చెయ్యి

పందెపు గుర్రం ఫోటో అనగానే మన కళ్ళముందు మెదిలేవి రెండు రకాల బొమ్మలు. ఒకటి, మెడ చాచి, జూలు ఎగరేసుకుంటూ పరుగెత్తే గుర్రం. రెండోది, పందెం గెలిచాక యజమాని కుటుంబం మధ్య దండతో నిలబడిన గుర్రం. ఈ రెండూ క్యాలెండర్లకెక్కాయి, పత్రికలకెక్కాయి. వేగానికీ పొగరుకీ ప్రతీకలై కవిత్వంలోకి కూడా వచ్చాయి. గుర్రపు లాయం గడప తొక్కనివాళ్ళం కూడా గుర్రం గురించి ధీమాగా రాయగలుగుతున్నామంటే, ఆ ధీమా ఈ బొమ్మలు ఇచ్చినదే. అంచేత ఈ బొమ్మలు ఎలా తయారవుతాయి, వాటిని ఎవరు తీయిస్తారు, తీసేటప్పుడు అంచుల్లోంచి ఏది జారిపోతుంది అన్నవి ఫోటోగ్రాఫర్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలని వదిలెయ్యటానికి వీల్లేదు. వాస్తవాన్ని చిత్రించటం అంటే ఏమిటి అన్న మన పాత చర్చకు వీటితో సూటిగా సంబంధం ఉంది.

గుర్రం కన్నా ముందు కాగితం

థరోబ్రెడ్ అనే జాతి ప్రకృతిలో దానంతటది పుట్టింది కాదు. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట తూర్పు దేశాల నుంచి ఇంగ్లండుకు తీసుకుపోయిన మగ గుర్రాలను అక్కడి ఆడగుర్రాలతో జతకట్టించి, తరతరాలుగా ఏరి ఏరి పెంచిన జాతి ఇది. నేడు ప్రపంచంలో ఎక్కడ ఏ థరోబ్రెడ్‌ను తీసుకున్నా, దాని తండ్రి వరస బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు గుర్రాల్లో ఏదో ఒకదాని దగ్గరికి చేరుతుంది. వీటి వంశావళిని నమోదు చేసే జనరల్ స్టడ్‌బుక్ మొదట 1791లో వెలువడింది. ఆ పుస్తకంలో పేరు లేని గుర్రం ఎంత వేగంగా పరుగెత్తినా థరోబ్రెడ్ కాదు. కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లకు ఈనాటికీ ఆ పుస్తకంలో చోటు లేదు.

అంటే పందెపు గుర్రం మొదట ఒక ఆస్తి, ఒక దస్తావేజు. మన పెద్దలు సుళ్ళు చూసి గుర్రాన్ని కొనేవాళ్ళు. ఏ సుడి ఎక్కడుంటే యజమానికి కలిసొస్తుందో చెప్పే శాస్త్రాలు కూడా ఉండేవి. పందెపు వ్యవస్థ అవే సుళ్ళను మరో పనికి వాడుకుంది. పిల్ల పుట్టగానే నుదుటి మీద సుడి ఎక్కడుంది, ఏ కాలికి ఎంతవరకు తెలుపుంది, ముఖం మీద మచ్చ ఏ ఆకారంలో ఉంది అని గీసుకుంటారు, ఫోటోలు తీసుకుంటారు. ఒక గుర్రం పేరుతో మరో గుర్రాన్ని పరుగెత్తించే మోసాన్ని ఆపటానికి ఇది అవసరమైంది. ఇప్పుడు చర్మం కింద మైక్రోచిప్పు, జన్యు పరీక్ష కూడా వచ్చాయి. పందెపు గుర్రం జీవితంలో తొలి బొమ్మల్లో ఒకటి ఈ గుర్తింపు బొమ్మ.

ఆ తరవాత వచ్చేది అమ్మకపు ఫోటో. వేలంపాటల జాబితాల్లోనూ, విత్తనపు గుర్రాల ప్రకటనల్లోనూ కనపడే పక్కవాటు బొమ్మ ఇది. దీనికి కట్టుదిట్టమైన వ్యాకరణం ఉంది. కెమెరా గుర్రం నడుము ఎత్తున ఉండాలి. ఎండ ఫోటోగ్రాఫర్ వీపు వైపు నుంచి పడాలి. నాలుగు కాళ్ళూ కనపడాలి. అందుకోసం కెమెరా వైపున్న ముందుకాలు రవ్వంత ముందుకు, వెనకకాలు రవ్వంత వెనక్కు పెట్టించాలి. చెవులు నిక్కపొడుచుకుని ఉండాలి. చెవులు వాల్చిన గుర్రం డీలాగానో కోపంగానో కనపడుతుంది, ధర తగ్గుతుంది. అందుకని ఒక మనిషి దూరాన నిలబడి ఆకులు ఆడిస్తాడు, గొడుగు తెరుస్తాడు, నోటితో చప్పుళ్ళు చేస్తాడు. మరో మనిషి పగ్గం పొడుగ్గా వదిలి, తాను వీలైనంత పక్కకు జరిగి నిలబడతాడు. కాళ్ళు సరిగ్గా పడేదాకా గుర్రాన్ని ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు నడిపించేది అతనే. అంతా కుదిరిన క్షణాన ఫోటో తీస్తారు. అచ్చయ్యేటప్పుడు చాలాసార్లు పగ్గం పట్టిన మనిషిని కత్తిరిస్తారు. గుర్రం తనంతట తాను, రాజఠీవితో, ఎవరి ప్రమేయమూ లేకుండా అలా నిలబడినట్టు పాఠకుడికి కనపడుతుంది.

చిత్రకారుడు చూసిన చెయ్యి

ఈ కత్తిరింపు ఫోటోగ్రఫీతో పుట్టింది కాదు. 18వ శతాబ్దపు ఆంగ్ల చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ గుర్రాల కళేబరాలను పొర పొరగా కోసి, కండరాలనూ ఎముకలనూ గీసుకుని, 1766లో గుర్రపు శరీర నిర్మాణం మీద గ్రంథం ప్రచురించినవాడు. ఆయన వేసిన రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే మన ప్రశ్న స్పష్టమవుతుంది.

మొదటిది 1762 ప్రాంతంలో రాకింగ్‌హాం ప్రభువు కోసం వేసిన ‘విజిల్‌జాకెట్’. దాదాపు నిజమైన గుర్రమంత పటం. అందులో నేల లేదు, ఆకాశం లేదు, జీను లేదు, మనిషి లేడు. శూన్యంలో ముందుకాళ్ళెత్తిన గుర్రం మాత్రమే ఉంది. రెండోది 1800లో వేసిన ‘హాంబుల్టోనియన్’. 1799లో న్యూమార్కెట్‌లో జరిగిన పెద్ద పందెంలో ఈ గుర్రం కొద్ది తేడాతో గెలిచింది. కొరడా దెబ్బలతో, ముల్లుపోట్లతో అలిసి గెలిచింది. స్టబ్స్ ఆ గెలుపును చిత్రించలేదు. పందెం తరవాత ఒళ్ళు తుడిపించుకుంటూ నిలబడిన గుర్రాన్ని చిత్రించాడు. పక్కన పగ్గం పట్టిన శిక్షకుడు, గుడ్డతో తుడిచే కుర్రవాడు. ఇద్దరూ సూటిగా మన వైపు చూస్తుంటారు. ఆ చూపులో విజయోత్సాహం లేదు, పని మధ్యలో ఉన్నవాళ్ళ చూపు అది. ఈ చిత్రానికి రావలసిన డబ్బు కోసం స్టబ్స్ గుర్రం యజమాని మీద కోర్టుకెక్కవలసి వచ్చింది.

ఒకే చిత్రకారుడు, ఒకే రకం జంతువు. శిల్పంలో రెండింటికీ వంక పెట్టలేం. అయితే మొదటి చిత్రం గుర్రాన్ని ఒక భావంగా చూపిస్తే, రెండోది దాన్ని మానవ సంబంధాల మధ్య నిలబెట్టింది. తరవాత వచ్చిన పందెపు ఫోటోగ్రఫీ ఎక్కువగా మొదటి దారినే నడిచింది.

కెమెరా రుజువు చేసినది

పరుగులో ఉన్న గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడుస్తాయా అన్నది 19వ శతాబ్దంలో పెద్ద వివాదం. చిత్రకారులు విడుస్తాయనే నమ్మారు. ముందుకాళ్ళు ముందుకు, వెనకకాళ్ళు వెనక్కు బార్లా చాచి గాల్లో తేలుతున్నట్టు వేసేవారు. 1821లో జెరికో వేసిన ‘ఎప్సం డెర్బీ’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఈ వివాదాన్ని తేల్చటానికి డబ్బు పెట్టినవాడు కాలిఫోర్నియా మాజీ గవర్నరు, సెంట్రల్ పసిఫిక్ రైలుమార్గపు అధినేత లీలండ్ స్టాన్‌ఫర్డ్. పని చేసినవాడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్. 1878 జూన్‌లో పాలో ఆల్టోలోని స్టాన్‌ఫర్డ్ క్షేత్రంలో బాట పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టి, బాటకు అడ్డంగా దారాలు కట్టారు. శాలీ గార్డ్‌నర్ అనే ఆడగుర్రం పరుగెత్తుతూ ఒక్కొక్క దారాన్నే తెంపుతుంటే ఒక్కొక్క కెమెరా కన్ను తెరిచింది. నాలుగు కాళ్ళూ నేల విడవటం నిజమేనని తేలింది. అయితే కాళ్ళు బార్లా చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. తరతరాల చిత్రకారులు వేసిన భంగిమ గుర్రం పరుగులో ఎక్కడా లేదు.

ఈ కథను సాధారణంగా విజ్ఞానం సాధించిన విజయంగా చెప్పుకుంటారు. అది నిజమే. దానితోపాటు మరో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. 1869 మే 10న అమెరికా తూర్పు పడమరలను కలిపే రైలుమార్గం పూర్తయిన రోజున చివరి బంగారు మేకు కొట్టినవాడు ఈ స్టాన్‌ఫర్డే. పడమటి వైపు ఆ మార్గాన్ని కొండలు తొలిచి వేసింది వేలాది చైనా కూలీలు. ఆనాటి ప్రసిద్ధ ఫోటోలో ఎదురెదురుగా నిలిచిన రెండు ఇంజన్లు, చేతులు కలిపే ఇంజనీర్లు, సీసాలెత్తిన జనం ఉన్నారు. చైనా కూలీల జాడ మాత్రం దాదాపు లేదు. ఇక రెండో విషయం. 1882లో స్టాన్‌ఫర్డ్ పోషణలో గుర్రపు గమనం మీద పెద్ద గ్రంథం వెలువడింది. దాని ముఖపత్రం మీద మైబ్రిడ్జ్ పేరు లేదు. ఆయన దావా వేశాడు, నెగ్గలేదు. బొమ్మలోంచి శ్రామికుణ్ణి తప్పించే అలవాటు చివరికి బొమ్మ తీసినవాడిదాకా వచ్చింది.

మైబ్రిడ్జ్ ఫోటోల తరవాత చిత్రకారులు ఇబ్బందిలో పడ్డారు. డెగా లాంటివారు వాటిని శ్రద్ధగా అధ్యయనం చేశారు. శిల్పి రోడాన్ మాత్రం ఎదురు తిరిగాడు. 1911లో అచ్చయిన సంభాషణల్లో ఆయన జెరికోనే సమర్థించాడు. కాలం ఎప్పుడూ ఆగదు కాబట్టి, ఆగిపోయిన క్షణాన్ని చూపించే ఫోటోయే అబద్ధమనీ, వేర్వేరు క్షణాలను కలిపి చూపించే కళాకారుడిదే నిజమనీ ఆయన వాదం. యథాతథ చిత్రణకూ వాస్తవికతకూ తేడా ఏమిటన్న చర్చలో సాహిత్య విద్యార్థులు ఈ వాదాన్ని తప్పక పరిశీలించాలి.

విచిత్రమేమిటంటే నేటి పందెపు ఫోటోగ్రాఫర్లు కూడా ఆచరణలో రోడాన్ పక్షమే. పందెపు గుర్రం గంటకు దాదాపు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే సెకనుకు పదహారు మీటర్ల పైన. కెమెరా సెకనులో వెయ్యోవంతు తెరిచినా ఆ లోగా గుర్రం ఒకటిన్నర సెంటీమీటరుకు మించి జరుగుతుంది. ఇంతటి వేగాన్ని ఆపగల కెమెరాలతో క్షణానికి ఎన్నో ఫోటోలు తీసి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటారు. సాధారణంగా ఎంపికయ్యేది ముందుకాలు చాచిన ఫోటో. నాలుగు కాళ్ళూ పొట్ట కింద ముడుచుకున్న ఫోటోలో గుర్రం అంత బాగుండదని పక్కన పెడతారు. మైబ్రిడ్జ్ రుజువు చేసిన సత్యం చేతిలో ఉన్నా, కొనేవాడి కంటికి అలవాటైన పాత అందమే నెగ్గుతోంది.

ఒక గీతనే చూసే కన్ను

పందెపు మైదానంలో మరో కెమెరా ఉంది. దానికి అందంతో పని లేదు. అది ఫోటో ఫినిష్ కెమెరా. 1930ల చివర అమెరికాలో స్థిరపడి, 1949లో ఎప్సం డెర్బీ ఫలితాన్ని మొదటిసారి తేల్చింది. ఇది పనిచేసే తీరు తెలుసుకోదగ్గది. ఇందులో మామూలు కెమెరా తలుపు లేదు. సన్నని నిలువు చీలిక ఒకటి సరిగ్గా గెలుపు గీత మీదికి గురిపెట్టి ఉంటుంది. దాని వెనక ఫిల్ము ఆగకుండా నడుస్తుంది. ఇప్పుడు ఫిల్ము స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరం వచ్చింది, సూత్రం మాత్రం అదే. ముందు ముక్కు గీత దాటితే ముక్కు పడుతుంది, ఆ వెనక మెడ, ఆ వెనక జాకీ మోకాలు. ఆ బొమ్మలో ఎడమ నుంచి కుడికి ఉన్నది స్థలం కాదు, కాలం. ఒకే చోటును వేర్వేరు క్షణాల్లో చూసి కుట్టిన బొమ్మ అది. గీత ముందు కదలకుండా ఉన్నది ఏదైనా అందులో సాగిపోయిన చారలుగానే పడుతుంది.

జూదానికి ఇంతకంటే నిజాయితీగల సాక్షి లేదు. కోట్ల రూపాయల చెల్లింపులు దాని మీద ఆధారపడతాయి. అయితే అది ఒక్క గీతను మాత్రమే చూస్తుంది. గుర్రం అక్కడికి ఎలా వచ్చిందో, దాటాక ఏమైందో దానికి అక్కర్లేదు. ఖచ్చితత్వం, సమగ్రత ఒకటి కావని చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

రౌతులు, సైసులు

1875లో మొదటి కెంటకీ డెర్బీలో పరుగెత్తిన 15 మంది జాకీల్లో 13 మంది నల్లజాతివారు. గెలిచిన ఆలివర్ లూయిస్ నల్లజాతివాడు. ఆ గుర్రానికి తర్ఫీదిచ్చిన ఆన్సెల్ విలియంసన్ బానిసగా పుట్టినవాడు. బానిసత్వం నాటి లాయాల్లో గుర్రాల పని చేసినవాళ్ళే ఆ విద్యను తమ సొంతం చేసుకున్నారు. ఐజాక్ మర్ఫీ 1884, 1890, 1891లలో మూడు కెంటకీ డెర్బీలు గెలిచాడు. 1890లో న్యూయార్కు దగ్గర సాల్వేటర్, టెన్నీ అనే గుర్రాలకు జరిగిన జంట పందెంలో మర్ఫీ సాల్వేటర్‌ను ఆవగింజంత తేడాతో గెలిపించాడు. ఆ ముగింపు క్షణాన్ని అప్పుడే ఫోటో తీశారు. ఆ తరవాత కొద్ది సంవత్సరాల్లోనే, జాకీల సంపాదన పెరిగేకొద్దీ, నల్లజాతి జాకీలను వర్ణవివక్ష పందేల నుంచి తరిమేసింది. 1902 తరవాత కెంటకీ డెర్బీని నల్లజాతి జాకీ ఎవరూ గెలవలేదు. 1896లో చనిపోయిన మర్ఫీ సమాధి ఎక్కడుందో కూడా జనం మరిచిపోయారు. 1960లలో ఒక పత్రికా రచయిత వెతికి పట్టుకున్నాడు. గెలుపు ఫోటోలో ఉన్నంతమాత్రాన మనిషి చరిత్రలో నిలిచిపోడని మర్ఫీ ఉదాహరణ చెబుతోంది.

ఇక మన దగ్గరికి వద్దాం. హైదరాబాదులో పందేలు నిజాము కాలంలో మౌలాలిలో మొదలై, 1886లో మలక్‌పేటకు మారాయి. ఆ మైదానం ఈనాటికీ ఉంది. పందెం రోజున జనానికి కనపడేది కొద్ది గంటల హడావిడి. లాయంలో పని మాత్రం తెల్లవారకముందే మొదలవుతుంది. చీకటితోనే గుర్రాలను కసరత్తుకు తియ్యాలి. తిరిగొచ్చాక చెమట ఆరేదాకా నడిపించాలి. నీళ్ళు పోసి, మాలీషు చేసి, గిట్టల్లో ఇరుక్కున్న మట్టీ రాళ్ళూ తీసి, కాళ్ళకు పట్టీలు కట్టాలి. పడక గడ్డి మార్చాలి. వేళకు దాణా పెట్టాలి. తినకపోతే ఎందుకు తినలేదో కనిపెట్టాలి. కాలు పట్టుకోగానే ఏ నరం వేడిగా ఉందో అరచేత్తో తెలుసుకునే విద్య సైసుది. పశువైద్యుడి కంటే ముందు అతనికి తెలుస్తుంది. ‘గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు’ అన్న సామెత మనం ఖర్చు గురించి వాడతాం. లాయంలో దాని అర్థం వేరు. గుర్రం గెలిచినా ఓడినా, పండగైనా వానైనా, ఆ పని తప్పదు.

గెలిచిన గుర్రాన్ని యజమాని స్వయంగా పగ్గం పట్టి నడిపించుకు రావటం పందెపు మైదానాల్లో ఒక మర్యాద. అప్పుడే పరుగెత్తి వచ్చిన గుర్రం నిలకడగా ఉండదు. ఎగురుతుంది, తల విసురుతుంది. అందుకని రెండో వైపున సైసు మరో పగ్గం పట్టుకునే ఉంటాడు. గుర్రాన్ని నిజంగా అదుపులో ఉంచేది ఆ రెండో పగ్గమే. మధ్యలో యజమాని, బంధువులు, శిక్షకుడు, పైన జాకీ. ఫోటో కింద వేసే పేర్లలో యజమానిది ఉంటుంది, శిక్షకుడిది ఉంటుంది, జాకీది ఉంటుంది, గుర్రానిదీ ఉంటుంది. సైసు పేరు వెయ్యటం అరుదు. చాలాసార్లు అతను గుర్రం మెడ చాటున ఒక తలపాగాగానో ఒక చెయ్యిగానో మిగులుతాడు.

ఇందుకు ఫోటోగ్రాఫర్‌ను ఒక్కణ్ణే తప్పుపట్టటం న్యాయం కాదు. మైదానంలోకి అతణ్ణి రానిచ్చేది క్లబ్బు. ఫోటో కొనేది యజమాని. ప్రతుల లెక్కన బతికే ఫోటోగ్రాఫర్ కొనేవాడి కుటుంబాన్ని వదిలి సైసు వైపు కెమెరా తిప్పితే ఆ రోజు కూలి పోతుంది. చూపుకు కూడా ఆర్థిక పునాది ఉంటుంది.

తెర వెనక

పందెపు గుర్రం బరువు దాదాపు 500 కిలోలు. మోకాలి కింద దాని కాలికి కండ లేదు. ఎముక, నరాలు, చర్మం మాత్రమే. పూర్తి వేగంలో ఒక్కొక్క క్షణాన ఆ బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది. కాలు విరిగితే అతికించటం చాలా కష్టం. మూడు కాళ్ళ మీద నెలల తరబడి నిలబడితే మిగతా గిట్టలు పాడవుతాయి, పడుకోబెడితే ఒళ్ళు పాడవుతుంది. అందుకే చాలాసార్లు మైదానంలోనే చంపేస్తారు. అలా పడిపోయిన గుర్రం చుట్టూ వెంటనే తెరలు కట్టటం అనేక దేశాల్లో పద్ధతి. చూసేవాళ్ళ మనసు నొచ్చకుండా అని చెబుతారు. కెమెరాలకు కనపడకుండా కూడా.

2008 కెంటకీ డెర్బీలో ఎయిట్ బెల్స్ అనే ఆడగుర్రం రెండోదిగా గీత దాటింది. వేగం తగ్గించుకునేటప్పుడు ముందుకాళ్ళు రెండూ విరిగి కూలింది. అక్కడే దాన్ని చంపవలసి వచ్చింది. గీతను చూసే కెమెరా లెక్కలో అది రెండో స్థానం మాత్రమే. నేల మీద పడి ఉన్న ఆ గుర్రం ఫోటోలు బయటికొచ్చాకనే దేశమంతటా ప్రశ్నలు లేచాయి. 2021లో ఐర్లండులో పేరుమోసిన శిక్షకుడు గోర్డన్ ఎలియట్ చచ్చిన గుర్రం మీద కూచుని ఉన్న ఫోటో బయటపడింది. ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు, సంవత్సరం నిషేధం పడింది; అందులో సగం అమలు కాకుండా నిలిపారు. ఎన్నో వేల అందమైన ఫోటోలు చెప్పలేని విషయాన్ని ఆ ఒక్క ఫోటో చెప్పింది. దాన్ని ఎవరూ డబ్బిచ్చి తీయించలేదు.

బతికి బయటపడిన గుర్రాలదీ తక్కువ కథ కాదు. థరోబ్రెడ్ రెండో ఏటనే పందెంలోకి దిగుతుంది. చాలావాటికి కొద్ది సంవత్సరాల్లోనే పందెపు జీవితం ముగుస్తుంది. ఆయుష్షు మాత్రం పాతికేళ్ళ దాకా ఉంటుంది. మిగిలిన ఆ పదిహేను ఇరవై ఏళ్ళలో దాణా ఎవరు పెడతారు? గెలిచిన కొన్ని పిల్లల కోసం ఉంటాయి, కొన్ని స్వారీ బడులకు పోతాయి. మిగతావాటి బొమ్మలు మనకు దొరకవు.

రచయితలకు ఇందులో పని ఏమిటి

టాల్‌స్టాయ్ రాసిన ‘ఖోల్‌స్తొమేర్’ కథ 1880లలో అచ్చయింది. అందులో ముసలి గుర్రం తన కథ తనే చెబుతుంది. ‘నాది’ అనే మాట మనుషులు ఎందుకు వాడతారో ఆ గుర్రానికి అర్థం కాదు. తనకు తిండి పెట్టేవాడు, తన మీద స్వారీ చేసేవాడు, తనకు మేలు చేసేవాడు ఒకరు; తనను ‘నా గుర్రం’ అనేవాడు మరొకడు. 1917లో ష్క్లోవ్‌స్కీ ఈ కథనే ఉదాహరణగా తీసుకుని, అలవాటుపడిన వస్తువును కొత్తగా కనపడేట్టు చెయ్యటమే కళ పని అన్నాడు. ఆయన దాన్ని శిల్పరహస్యంగా చూశాడు. అది నిజమే కాని, సగం నిజం. టాల్‌స్టాయ్ కొత్తగా చూపించింది గుర్రాన్ని మాత్రమే కాదు, ఆస్తి అనే సంబంధాన్ని. సైసుకూ యజమానికీ గుర్రంతో ఉన్న సంబంధాల తేడాను ఆయన గుర్తించాడు కాబట్టే ఆ శిల్పానికి పని దొరికింది.

మనం కూడా పందెపు గుర్రాన్ని వేగానికో స్వేచ్ఛకో ప్రతీకగా వాడేముందు ఒకసారి ఆగాలి. ఆ గుర్రం నోట్లో ఇనుప కళ్ళెం ఉంది. దాని పుట్టుక ఒక పుస్తకంలో నమోదైంది. దాని పరుగు మీద పందెం కాసినవాడి నెలజీతం ఉంది. దాని కాళ్ళ కింద ఒక కుటుంబం కూడు ఉంది. ఇన్ని బంధనాలున్న జంతువును స్వేచ్ఛకు గుర్తుగా వాడామంటే, మనం గుర్రాన్ని చూడకుండా క్యాలెండరును చూసి రాశామన్నమాట.

ఫోటోను పారెయ్యమని కాదు. మైబ్రిడ్జ్ ఫోటోలు లేకపోతే కళ్ళు చేసే మోసం మనకు తెలిసేది కాదు. ఎలియట్ ఫోటో లేకపోతే లాయం లోపలి మాట బయటికి వచ్చేది కాదు. కావలసింది ఫోటోను చదవటం. పగ్గం ఎటు పోతోంది? రెండో కొస ఎవరి చేతిలో ఉంది? నీడ ఒకటే ఉందా, రెండున్నాయా? కింద ఎవరి పేర్లున్నాయి? ఎవరు డబ్బిచ్చి తీయించారు? కథ రాయదలచుకున్నవాళ్ళు పందెం రోజు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళినదానికన్నా, పందెం లేని రోజు తెల్లవారుజామున లాయాల వీధిలో టీకొట్టు దగ్గర గంటసేపు నిలబడితే ఎక్కువ తెలుస్తుంది. అక్కడ సైసుల పేర్లు అందరికీ తెలుసు. గుర్రాలు కూడా ఆ గొంతులకే చెవులు నిక్కిస్తాయి.